కౌంటరు దగ్గర విన్న నాలుగు జవాబులు



సైఫాబాద్‌లోని ఈ రేడియో స్టూడియోకి వచ్చే రోజున నేను లక్డీకాపూల్‌లో మెట్రో దిగి నడుచుకుంటూ వస్తాను. ఒకప్పుడు అక్కడ కట్టెల వంతెన ఉండేది, అందుకే ఆ పేరు. ఇప్పుడు కింద ఎంఎంటీఎస్, పైన మెట్రో, మధ్యలో ఒక్క క్షణం కూడా ఆగని బండ్లు. 2022 దాకా రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ కూడా అక్కడే ఉండేది. చేతిలో అర్జీ కాయితం మడత పెట్టి పట్టుకుని, ఏ గదిలోకి వెళ్లాలో తెలియక నిలబడిన మనుషులను ఆ రోడ్డు మీద నేను ఎన్నో ఏళ్లు చూశాను.

వాన పడిన రోజున ఆ చుట్టుపక్కల గల్లీల్లో మీరూ ఒక దృశ్యం చూసే ఉంటారు. మోకాలి లోతు నీళ్ల మధ్యలో ఒక వేపకొమ్మ నిలబడి ఉంటుంది. కింద మ్యాన్‌హోల్ మూత లేదని, ఎవరూ అటు అడుగు వేయొద్దని చెప్పడానికి ఎవరో పుణ్యాత్ముడు దాన్ని గుచ్చి పోతాడు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఒక చోట ఆ కొమ్మ లేకపోయింది. మా ఇంటి ఆడవాళ్లకు ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుట్టే ఆవిడ, నేను అక్కా అని పిలిచే మనిషి, మూత లేని మ్యాన్‌హోల్‌లో కాలు దిగి కుడి చెయ్యి మీద పడింది. మణికట్టు దగ్గర రెండు ఎముకలూ విరిగాయి. ప్లేటు వేశారు. మూడు నెలల తర్వాత గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెర బిగించిందట. బొటనవేలు వణికి గుడ్డ వంకరగా తెగింది. అది ఎవరిదో పట్టుగుడ్డ. ఆ పట్టు ఖరీదు కూడా ఆవిడే కట్టుకుంది.

పరిహారం అడగడానికి తోడు రమ్మంటే నేనూ ఆవిడతో ఒక ఆఫీసుకు వెళ్లాను. అది ఏ ఆఫీసో ఇక్కడ అనవసరం. కౌంటరు వెనకాయన కోపం చేసుకోలేదు, మర్యాదగానే మాట్లాడాడు. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. “చూస్కొని నడ్వాలె గదమ్మా.” “గంత వాన పడ్తే ఎవ్వరేం జేస్తరు, పైవాని పని.” “వాన్ల ఎందుకు బయటికొచ్చినవ్, నీ ఇష్టంతోనే వచ్చినవ్ గద.” చివరికి కొంచెం గొంతు తగ్గించి, “సర్కార్ మీద కేసేస్తవా?” అన్నాడు. అని, “ఒక కాయితం రాసియ్యి, ఎక్స్‌గ్రేషియా ఏమన్న వస్తదేమో చూస్తం” అన్నాడు.

బయటికి వచ్చాక అక్క, “నాదే తప్పేమో వకీల్ సాబ్” అంది. ఈ ప్రసంగం ఆ ఒక్క మాట కోసం.

మేం లా కాలేజీలో టార్ట్స్ అని చదువుకున్నదాన్ని తెలుగు పుస్తకాల్లో అపకృత్యాలు అని రాస్తారు. ఒకరి నిర్లక్ష్యం వల్లనో దురుసుతనం వల్లనో మరొకరికి నష్టం జరిగితే, ఆ నష్టాన్ని చేసినవాడితో కట్టించే న్యాయం ఇది. దోషిని జైలుకు పంపడం వేరే చట్టం చూసుకుంటుంది. మన దేశంలో దీనంతటికీ ఒకే పుస్తకంగా చట్టం లేదు. తీర్పు మీద తీర్పు పేర్చుకుంటూ వచ్చిందే ఎక్కువ. నష్టపోయినవాడు దావా వేస్తే అవతలివాడు జవాబు దావాలో చెప్పుకోదగ్గ సమాధానాలు కొన్ని ఉన్నాయి. ఆ కౌంటరు వెనకాయన, తనకు తెలియకుండానే, వాటిలో నాలుగింటిని వరసగా చెప్పేశాడు. అవి ఆయన కల్పించినవి కావు. వందల ఏళ్లుగా కోర్టులు విన్నవే, కొన్నిసార్లు ఒప్పుకున్నవే. ఏవి ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ కూలిపోయాయో మన తెలుగు నేల మీది కేసులతోనే చెప్పుకోవచ్చు.

ముందుగా పైవాని పని సంగతి.

చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు ఒకసారి వానలకు తెగాయి. ఆ నీళ్లకు మద్రాసు రైల్వే కంపెనీ లైను దెబ్బతింది. కంపెనీ నష్టపరిహారం కోసం కోర్టుకెక్కింది. వాళ్ల చేతిలో అప్పటికి కొత్తగా వచ్చిన ఒక ఇంగ్లండు తీర్పు ఉంది. అక్కడొక మిల్లు యజమాని నీళ్ల కోసం రిజర్వాయరు కట్టుకుంటే, ఆ నీళ్లు పాత సొరంగాల గుండా పొరుగువాడి బొగ్గుగనిలోకి దిగాయి. తన అవసరానికి ప్రమాదకరమైనదాన్ని తెచ్చి పెట్టుకున్నవాడు, అది తప్పించుకుపోయి నష్టం చేస్తే, ఎంత జాగ్రత్తగా ఉన్నా కట్టాల్సిందేనని 1868లో అక్కడి ప్రభువుల సభ తేల్చింది. రైల్వే కంపెనీ ఆ సూత్రాన్నే మన చెరువుకు తగిలించబోయింది.

1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఈ చెరువులు జమీందారు తన లాభానికి తెచ్చి పెట్టుకున్నవి కావు, ఎవరికీ గుర్తులేని కాలం నుంచి ఉన్నవి, వాటి మీద ఊళ్లు బతుకుతున్నాయి, వాటిని కాపాడటం ఆయన విధి, పూడ్చేసే హక్కు ఆయనకు లేదు అంది. కాబట్టి ఆయన నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యుడు. నిర్లక్ష్యం లేదని తేలింది కాబట్టి కంపెనీ ఓడిపోయింది. ఇంగ్లండులో మిల్లు గుంటకు పనికొచ్చిన సూత్రం మన ఊరి చెరువుకు పనికిరాదని ఆ జడ్జీలు గ్రహించారు. ఆ తీర్పు నాకు న్యాయమనే అనిపిస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అవతలివాడు చెప్పే ప్రతి జవాబూ సాకు అనుకోవడం కూడా తప్పే. కట్ట మీద మట్టి పోయించి, తూము చూసుకుని, కలుజు తెరిచి ఉంచినా చెరువు తెగితే ఆ మనిషిని ఏమంటాం?

మరి మూత లేని మ్యాన్‌హోల్‌కు ఈ జవాబు వర్తిస్తుందా? దైవఘటన అనాలంటే అది మానవమాత్రుడు ఊహించలేనిది, జాగ్రత్త పడినా ఆపలేనిది అయి ఉండాలి. హైదరాబాదు వాన ఊహించలేనిదా? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు మనందరి కళ్ల ముందటిదే. నగరం వంద ఏళ్లకు పైగా వానను లెక్కలు రాసి పెట్టుకుంటూ వచ్చింది. పైవాడు వాన కురిపించాడు, సరే. మూత పెట్టాల్సింది మాత్రం కిందివాళ్లే.

ఇక నీ ఇష్టంతోనే వచ్చినవ్ గద అన్న మాట. తెలిసి, ఒప్పుకుని ప్రమాదంలోకి దిగినవాడు తర్వాత పరిహారం అడగకూడదు అన్నది పాత సూత్రం. కుస్తీ గోదాలో దిగినవాడు దెబ్బ తగిలిందని కేసు వేయడు. కానీ ఒప్పుకోవడం అంటే ఏమిటో, ఎంతవరకో అన్న ప్రశ్నకు మన ఊరి కేసే ఒకటి పెద్ద జవాబు ఇచ్చింది. లక్డీకాపూల్ నుంచి ఖైరతాబాద్ మీదుగా వెళ్తే పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి. 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఒకడు ఛాతీలో గడ్డ ఉందని అక్కడ చేరాడు. అది ఎలాంటి గడ్డో తేల్చే బయాప్సీకి ఒప్పుకుని సంతకం అయింది. ఆపరేషన్ బల్ల మీద గడ్డనే తీసేశారు. వెన్ను దగ్గరి గడ్డ అయినా నరాల సర్జన్ లేడు. ఆ కుర్రాడికి మెలకువ వచ్చేసరికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది.

బయాప్సీకి ఇచ్చిన ఒప్పుకోలు గడ్డను తీసేయడానికి ఒప్పుకోలు అవుతుందా? కాదంది సుప్రీంకోర్టు. పరీక్ష వేరు, కోత వేరు, రెండోదానికి మళ్లీ అడగాల్సిందే. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో 15 లక్షల 50 వేలు ఇమ్మంటే, 2009 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలు చేసింది, వడ్డీ వేరే. ఆ కుర్రాడు అప్పటికి నలభైకి చేరువయ్యాడు. చక్రాల కుర్చీ జీవితంలోనే చదువు ముగించి, ఉద్యోగం చేసుకుంటూ, తన కేసు తానే వాదించుకున్నాడు. లాయరు గౌనులో ఉండి చెబుతున్నాను, ఆ తీర్పు చదివిన రోజు నా వృత్తి మీద నాకు గౌరవం పెరిగింది. ఇంతమంది లాయర్లు ఉండి ఒక్కరం ఆయన పక్కన నిలబడలేదే అని బాధా కలిగింది.

సంతకానికే అంత పరిమితి ఉంటే, నీళ్లు నిలిచిన సర్కారు రోడ్డు మీద ఇంటికి నడిచివెళ్లడం ఒప్పుకోలు ఎలా అవుతుంది? ఆవిడకు వేరే దారి ఉందా?

చూస్కొని నడ్వాలె అన్నదాన్ని మాత్రం కోర్టులు ఇప్పటికీ జాగ్రత్తగా వింటాయి. నష్టపోయినవాడి అజాగ్రత్త కూడా కొంత ఉంటే ఆ మేరకు పరిహారం తగ్గిస్తాయి, పదో ఇరవయ్యో శాతం. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్ల కేసుల్లో మా నాంపల్లి వకీళ్లు రోజూ కొట్లాడేది ఈ శాతాల మీదే. ఇంగ్లండులో ఒకప్పుడు బాధితుడి తప్పు కాస్త ఉన్నా మొత్తం పోయేది, 1945లో ఆ పద్ధతి మార్చుకున్నారు. అయితే ఈ జవాబును వాడేది ఎక్కువగా తమ తప్పు పెద్దదైనవాళ్లే. 2014 జూన్ 8 సాయంత్రం మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ వీఎన్నార్ విజ్ఞాన జ్యోతి కాలేజీ పిల్లలు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. పిల్లలు నదిలోకి దిగడమే తప్పన్న మాట అప్పుడూ వినబడింది. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు బాధ్యతను పంచింది. విద్యుత్ బోర్డుకు 60 శాతం, కాలేజీకి 30, రాష్ట్ర ప్రభుత్వానికి 10. ఒక్కో పిల్లవాడి తల్లిదండ్రులకు 20 లక్షలు, వడ్డీతో. ఆ పంపకంలో పిల్లల వంతు అంటూ ఏమీ లేదు.

ఇప్పుడు గొంతు తగ్గించి అడిగిన ఆఖరి ప్రశ్న. సర్కార్ మీద కేసేస్తవా?

దీనికి జవాబు కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉంది. కర్నూలు జిల్లాలో 1977 ఏప్రిల్‌లో ఒక తండ్రినీ కొడుకునీ ఏదో క్రిమినల్ కేసులో అరెస్టు చేసి, రిమాండు మీద ఆ జైలు ఏడో నంబరు గదిలో ఉంచారు. మే 5వ తేదీ రాత్రి దాటి తెల్లవారుజాము మూడున్నరకు కొందరు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు. కొడుకు గాయాలతో బతికాడు. ఆ రాత్రి తొమ్మిదిమంది కాపలా పోలీసులు ఉండాల్సిన చోట ఇద్దరే ఉన్నారని తర్వాత తేలింది. తాళం సర్కారుది, తాళంచెవి సర్కారుది. లోపలున్న మనిషికి పరిగెత్తి తప్పించుకునే అవకాశం కూడా లేదు.

కుటుంబం 10 లక్షలకు దావా వేసింది. ప్రభుత్వం రెండు జవాబులు చెప్పింది. ఒకటి, ఏడాది గడువు దాటింది. రెండు, జైళ్లు నడపడం సార్వభౌమాధికారపు పని, అందులో జరిగిన నిర్లక్ష్యానికి రాజ్యం కట్టనక్కర్లేదు. ఈ రెండోది బ్రిటిష్ దొరల కాలం నాటిది. 1861లో కలకత్తాలో ఒక గుర్రబ్బండి కేసులో ఈ విభజన పుట్టింది. వ్యాపారి చేసే పని సర్కారు చేస్తే కట్టాలి, రాజు చేసే పని చేస్తే కట్టక్కర్లేదు. 1965లో సుప్రీంకోర్టు కూడా, పోలీసులు జప్తు చేసిన ఒక వ్యాపారి బంగారం వాళ్ల దగ్గరే మాయమైనప్పుడు, ఇదే సూత్రం మీద అతన్ని ఉత్తచేతులతో పంపింది. ఈ అన్యాయాన్ని సరిదిద్దే చట్టం చేయమని లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో, చెప్పింది. అరవైల్లో బిల్లులు వచ్చాయి, మురిగిపోయాయి. ఆ చట్టం నేటికీ రాలేదు. నేను దీన్ని చిన్న విషయంగా చూడలేను.

కోయిలకుంట్ల కేసును కింది కోర్టు గడువు దాటిందని కొట్టేసింది. హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టు మాత్రం దాన్ని తిరగరాసింది. ప్రాణంతో బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, ఆ 21వ అధికరణం ముందు సార్వభౌమాధికారం అనే పాత జవాబు నిలవదు అంది. 1,44,000 రూపాయలు, వడ్డీ ఇమ్మంది. ప్రభుత్వం అంతటితో ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 ఏప్రిల్‌లో అక్కడా ఓడింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని ఆ కోర్టు చెప్పింది. లక్షా నలభై నాలుగు వేల కోసం 23 ఏళ్లు. ఆ కుటుంబం మధ్యలో ఆగిపోయి ఉంటే, ఇవాళ నేను మీతో ఈ మాట ధైర్యంగా అనగలిగేవాణ్ని కాదు.

ఇంకో తెలుగు కేసు క్లుప్తంగా. 1975 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఎరువుల, ధాన్యం వ్యాపారి సరుకును విజిలెన్సువాళ్లు జప్తు చేశారు. తర్వాత చాలామటుకు వెనక్కి ఇచ్చేయమని కలెక్టరు ఆర్డరు ఇచ్చాడు. అతను వెళ్లి చూసుకుంటే గోదాములో సరుకు పాడైపోయి ఉంది. ఇది సర్కారు అధికారంతో చేసిన పని కదా అంటే, 1994లో సుప్రీంకోర్టు ఆ జవాబు చెల్లదంది. యుద్ధం, విదేశీ వ్యవహారాల వంటి కొద్ది పనులు వదిలేస్తే, పౌరుడికి నిర్లక్ష్యంతో నష్టం చేసిన రాజ్యం మామూలు మనిషిలాగే కట్టాలని ఆ తీర్పు సారాంశం.

కాబట్టి, అవునయ్యా, సర్కారు మీద కేసు వేయవచ్చు.

ఇక కౌంటరు వెనకాయన చెప్పిన ఎక్స్‌గ్రేషియా అన్న మాటకు లాటిన్‌లో దయతో ఇచ్చేది అని అర్థం. దయ చూపినవాడు తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఆయన ఇష్టం. పొద్దున ప్రమాదం జరిగితే సాయంత్రానికల్లా మొత్తం ప్రకటించేస్తారు, మరుసటి రోజు పేపర్లో చెక్కుతో ఫొటో వస్తుంది. ఆ డబ్బు వద్దనమని నేను అనను, పాడె లేవాల్సిన ఇంట్లో ఆ పదివేలకు ఎంత విలువో నాకు తెలుసు. తీసుకోండి. తీసుకున్నంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదు. అయితే వాళ్లు పెట్టే కాయితం మీద ఇంతటితో అంతా సరి అని ఉందేమో చదివి సంతకం పెట్టండి.

పరిహారం లెక్క ఎలా కడతారు? రోడ్డు ప్రమాదాల కేసుల్లో 2009 నుంచి సుప్రీంకోర్టు ఇచ్చిన పట్టిక ఉంది. ఏడాది సంపాదనను వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. 30 లోపు వాళ్లకు 17 లేక 18, 41 నుంచి 45 దాకా 14, 60 దాటితే 7, అలా దిగుతూ వస్తుంది. మందులు, మనిషి తోడు, పడిన నొప్పి వేరే. ఇంటి పని చేసే ఆడవాళ్లకు సంపాదన లేదనే రోజులు పోయాయి. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో 2001లో గృహిణి పనికి నెలకు 3,000 కట్టారు. 2021 జనవరిలో అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం మనిషి, జస్టిస్ ఎన్.వి. రమణ, ఆ పనికి విలువ కట్టడం దయ కాదని, సమానత్వంలో భాగమని వివరంగా రాశారు.

డబ్బు ఒక్కటే పరిహారం కాదు. జరగబోయే నష్టాన్ని ఆపమని ఇంజంక్షన్ అడగవచ్చు. మూత పెట్టమని, కూలబోయే గోడ తీయమని కోర్టు చేత చెప్పించవచ్చు. పక్కింటి చెట్టు కొమ్మ మీ డాబా మీదికి వస్తే మీ హద్దు వరకు మీరే కొట్టుకోవచ్చు, కొమ్మ మాత్రం వాళ్లది.

కష్టమంతా గడువుల్లో, ఫీజుల్లో ఉంది. నష్టపరిహారం దావాకు అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. పేదవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫీజూ చూసుకుంటుంది. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లు గడువు. మోటారు ప్రమాదమైతే 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలలే. మిగతా వాటికి మామూలుగా మూడేళ్లు, కానీ సర్కారు మీదైతే ఏడాదిలోపే వేయండి. కోయిలకుంట్ల కుటుంబాన్ని మొదట ముంచింది ఈ గడువు వాదనే. దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

అక్క సంపాదనకు రుజువేమిటి అని నేను అడిగినప్పుడు ఆవిడ కాసేపు ఆలోచించి కొలతల పుస్తకం తెచ్చింది. రెండు వందల పేజీల నోటుబుక్కు, అట్టకు గుడ్డ అతికించింది. ప్రతి పేజీలో ఒక పేరు, కింద ఛాతీ, నడుము, చేతి పొడవు, మూలన తేదీ, కూలి. నూట యాభై, రెండు వందలు, పండగ ముందు లైనింగుతో నాలుగు వందలు. ఏడాదంతా ఒక్క వారం కూడా ఖాళీ లేదు. పోయిన జులైలో ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతవన్నీ తెల్ల కాయితాలే. ఆ పుస్తకాన్ని ముందు నుంచి చివరి దాకా జెరాక్స్ తీయించి ఫైల్లో పెట్టాను.

నోటీసు మీద ఆవిడ ఎడమ చేత్తో సంతకం పెట్టింది. అక్షరాలు పక్కకు ఒరిగాయి, మళ్లీ పెడతానంది. వద్దక్కా, అలాగే ఉండనీ అన్నాను. రిజిస్టరు పోస్టు అందినట్టు కార్డు వెనక్కి వచ్చింది. అరవై రోజుల్లో ఇంకా ఇరవై మూడు మిగిలాయి. ఇప్పుడు చిన్నకూతురు కత్తెర పడుతోంది. అక్క పక్కన కూర్చుని ఎడమచేతి చూపుడువేలితో గుడ్డ మీద గీత చూపిస్తోంది.